సర్వర్లు పెంచేముందు డేటాబేస్ లెక్క చూడండి
సీపీయూ వాడకం 70 శాతం దాటగానే కొత్త అప్లికేషన్ సర్వర్లు వాటంతటవే లేస్తాయి కాబట్టి సంస్థ సొంత యంత్రాలపై నడిపే ప్రైవేట్ క్లౌడ్‌లో ఇక రద్దీ బెంగ ఉండదని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. సగం వరకే ఒప్పుకుంటాను. సర్వర్లను పెంచడం ఇప్పుడు నిజంగానే తేలిక. అసలు తంటా వాటి వెనకున్న డేటాబేస్‌తో. జావా అప్లికేషన్లు రాయడానికి వాడే స్ప్రింగ్ బూట్‌తో వచ్చే హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లను తెరిచి సిద్ధంగా ఉంచే భాగం) సెట్టింగులు మార్చకపోతే ఒక్కో సర్వర్‌ నుంచి 10 కనెక్షన్ల దాకా తెరుస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా ఉండే కనెక్షన్ల పరిమితి మొత్తం 100, అందులోనూ 3 సూపర్‌యూజర్‌ (డేటాబేస్ నిర్వాహకుడు) కోసం పక్కన పెట్టి ఉంటాయి. అంటే పదో సర్వర్ లేచేసరికే కనెక్షన్లు నిండుకుంటాయి. మేం చూసే ఒక ఫీజుల పోర్టల్‌లో గడువు చివరి రోజున అచ్చంగా ఇదే జరిగింది. లాగ్‌లో 30 సెకన్లు ఎదురుచూసి విఫలమైన అభ్యర్థనలు బారులు తీరుతుంటే, డ్యాష్‌బోర్డులో సీపీయూ గీత మాత్రం నింపాదిగా కిందికి దిగుతోంది. అభ్యర్థనల పని చూసే థ్రెడ్లన్నీ కనెక్షన్ కోసం ఊరికే కాచుకుని కూర్చుంటే సీపీయూకు పనేముంటుంది? ఇంకేం, సర్వర్ల సంఖ్యను పెంచి తగ్గించే కుబెర్నెటీస్ ఆటోస్కేలర్ రద్దీ తగ్గిందనుకుని ఐదు నిమిషాలు ఆగి సర్వర్లను తీసేయడం మొదలుపెట్టింది! అందుకే గరిష్ఠ సర్వర్ల సంఖ్యను పూల్ పరిమాణంతో గుణించి, అది డేటాబేస్ పరిమితిలోపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. చాలకపోతే మధ్యలో, కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టుకోవాలి. పైగా ప్రైవేట్ క్లౌడ్‌లో భౌతిక యంత్రాలు మన గదిలో ఉన్నన్నే. అవి నిండితే కొత్త పాడ్లు (కుబెర్నెటీస్‌లో మన సర్వర్లు నడిచే రూపం) ‘పెండింగ్’ అని చూపిస్తూ ఉండిపోతాయి, వ్యాసంలో ఆ ఊసే లేదు.