సొమ్మొకరిది, సోకొకరిది

2030 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో శతాబ్ది సంబరంగా ఒక మ్యాచ్‌ను, 1930లో తొలి కప్పు జరిగిన ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోకు కేటాయించారు కనుక ఉరుగ్వే పాత వీరుల పేర్లు మళ్లీ వేదికలెక్కడం ఖాయం. వాటిలో ముందుగా వినిపించేది ఓబ్దూలియో వారేలా పేరే. 1950 జూలై 16న రియోలోని మరకానా స్టేడియంలో, డ్రా చేసుకున్నా కప్పు దక్కే స్థితిలో ఉన్న బ్రెజిల్‌ను 2-1తో ఓడించిన జట్టుకు ఆయన కెప్టెన్, మిడ్‌ఫీల్డ్‌కు వెన్నెముక. బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోల్ కొట్టగానే వారేలా బంతిని చంకన పెట్టుకుని, ఆఫ్‌సైడ్ అంటూ ఇంగ్లిష్ రిఫరీ జార్జ్ రీడర్‌తో తీరిగ్గా వాదించి, సుమారు రెండు లక్షల మంది హోరును చల్లార్చిన ఘట్టం అందరికీ తెలిసిందే. ఫుట్‌బాల్ సమాఖ్యల అధికారులు దానిని ఎంతో ఇష్టంగా చెబుతారు. మిగతా కథ జోలికి మాత్రం పోరు. మా అభ్యంతరం అక్కడే.

మరకానా విజయానికి ముందు రెండేళ్లయినా నిండని కాలంలో, 1948 అక్టోబరులో, తమ సంఘాన్ని గుర్తించాలని ఉరుగ్వే ఆటగాళ్లు సమ్మెకు దిగారు. దానిని ముందుండి నడిపినవారిలో వారేలా ఒకరు. సమ్మె నెలల తరబడి సాగినా మెట్టు దిగని పెద్దలు 1949 దక్షిణ అమెరికా చాంపియన్‌షిప్‌కు ఔత్సాహికులను పంపి, బ్రెజిల్ చేతిలో 1-5తో ఓటమి మూటగట్టుకున్నారు. మరుసటి ఏడాది అదే సమ్మెకారులు కప్పు గెలిచి తెస్తే, బంగారు పతకాలు అధికారుల మెడలో, వెండి పతకాలు ఆటగాళ్ల చేతిలో పడ్డాయని చరిత్ర చెబుతోంది. ఇంతకు మించిన కపటత్వం ఉంటుందా? తన వంతు సొమ్ముతో వారేలా కొనుక్కున్నది 1931 నాటి పాత ఫోర్డ్ కారు. అదీ కొద్ది రోజుల్లోనే దొంగల పాలైంది. తరువాత ఆయన ఆడే పెన్యారోల్ క్లబ్ చొక్కాల మీద ప్రకటనలు వేయిస్తే, జట్టంతా తొడుక్కున్నా ఆయన ఒక్కరు ససేమిరా అన్నారు. 1954 ప్రపంచ కప్‌లో, 36 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌పై గోల్ కొట్టి గాయపడ్డారు. ఆయన లేని సెమీఫైనల్‌లో హంగరీ గెలిచింది. 1996లో పేదరికంలోనే కన్నుమూశారు. పోయినవారిని పొగడటానికి ఖర్చేముంటుంది?

సమాఖ్యలు లేకుంటే టోర్నీలే ఉండవని, సమ్మెలతో ఆట నష్టపోతుందని అనేవారున్నారు. నిజమే కావచ్చు. కానీ ఆటగాడి మాట వినకపోవడానికి అది సాకు కాజాలదు. పోటీల క్యాలెండరును తమను సంప్రదించకుండానే నింపేస్తున్నారంటూ ఆటగాళ్ల సంఘమైన ఫిఫ్‌ప్రో యూరప్ శాఖ, అక్కడి లీగులతో కలిసి 2024లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. అంటే 1948 నాటి గొడవ నేటికీ తీరలేదు. బతికి ఉండి హక్కులడిగే ఆటగాడు తలనొప్పి, చనిపోయిన సమ్మెకారుడు మాత్రం స్ఫూర్తిప్రదాత! ఈ రెండు నాలుకల ధోరణి గర్హనీయం.

మాంటెవిడియోలో వారేలా చిత్రపటానికి దండ వేయాలని ఉవ్విళ్లూరే పెద్దలు ముందుగా ఆటగాళ్ల సంఘాలను పిలిచి, వారి ఎదుట కూర్చుని క్యాలెండరు రాయాలి. అది చేతకానివారు ఆయన పేరెత్తకుండా ఉంటే, కనీసం ఆ పాటి మర్యాదైనా దక్కించినవారవుతారు.