తెల్ల ఏనుగు 117 మెట్లు దిగిన వైనం

ఓడిపోవడానికి ప్రతిభ అక్కరలేదని, చేతులు ముడుచుకుని కూర్చుంటే ఓటమి తనంతట తానే వచ్చి ఒళ్ళో వాలుతుందని లోకంలో ఒక దురభిప్రాయం పాతుకుపోయి ఉంది. అలా అనుకునేవారు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు 1916లో సాధించిన లెక్కలను ఒక్కసారి భక్తిశ్రద్ధలతో పారాయణ చేయవలసిందిగా మనవి. ఆ జట్టు ఆ ఏడాది 154 ఆటలు ఆడింది. 36 గెలిచింది, 117 ఓడింది. మిగిలిన ఒక్కటి ఎటూ తేలకుండా ముగిసింది. దాన్ని ఓడడానికి వ్యవధి చాలలేదని తప్ప మరోలా అనుకునే అవకాశం జట్టు తీరు మనకు ఇవ్వదు. అమెరికన్ లీగ్‌లో అప్పుడు ఎనిమిది జట్లుండేవి. మొదటి స్థానంలో ఉన్న బోస్టన్ రెడ్ సాక్స్ 91 ఆటలు గెలిస్తే, ఏడో స్థానంలో ఉన్న వాషింగ్టన్ 76 గెలిచింది. అంటే మొదటివాడికీ ఏడోవాడికీ మధ్య పదిహేను గెలుపుల తేడా, ఏడోవాడికీ ఎనిమిదోవాడికీ మధ్య నలభై గెలుపుల తేడా. ఏడుగురూ ఒకే వీధిలో కాపురముంటే, ఎనిమిదోవాడు పొలిమేర దాటి శ్మశానం పక్కన గుడిసె వేసుకున్నట్టన్న మాట.

ఇంతటి కార్యం అనుభవం లేనివారి చేతుల మీదుగా జరిగేది కాదు. దీన్ని నడిపించిన మేనేజర్ అసలు పేరు కార్నీలియస్ మెక్‌గిలికడీ. లోకం పిలిచిన పేరు కానీ మాక్. మన పాత చెలామణీలో కానీ విలువ ఎంతో గుర్తున్నవారికి ఆయన ఆర్థిక విధానం సగం పేరులోనే బోధపడుతుంది. మిగతా మేనేజర్లు ఆటగాళ్ళ దుస్తులు తొడుక్కుని మైదానం అంచున కేకలు పెడుతుంటే, ఆయన సూటూ టై ధరించి, గట్టి కాలరు పెట్టుకుని, ఎస్టేటు గుమాస్తా లాగా బెంచీ మీద నిటారుగా కూర్చుని, చేతిలోని స్కోరు కార్డును అటూ ఇటూ ఊపి ఫీల్డర్లను జరిపేవాడు. ఆయన సమర్థతను శంకించే హక్కు ఎవరికీ లేదు. రెండు పెద్ద లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌ను 1910, 1911, 1913 సంవత్సరాల్లో గెలిచిన జట్టు ఆయనదే, 1914లో అమెరికన్ లీగ్ విజేతా ఆయన జట్టే. ఆ జట్టులో లోపలి వరుసన నిలబడే నలుగురు ఫీల్డర్లను జనం లక్ష డాలర్ల ఇన్‌ఫీల్డ్ అని ముద్దుగా పిలిచేవారు. ఆటగాళ్ళను ధరతో పిలవడం మొదలుపెట్టినప్పుడే ఎవరికైనా భయం వేయవలసింది. సంతలో కట్టేసిన ఎద్దుకు తప్ప ధర ఎవరు కడతారు?

జట్టుకు గుర్తు తెల్ల ఏనుగు. 1902లో న్యూయార్క్ జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా ఈ జట్టును మేపలేని తెల్ల ఏనుగుగా ఎద్దేవా చేస్తే, మాక్ ఆ వెక్కిరింతనే బిరుదుగా స్వీకరించి జట్టు చిహ్నం చేసుకున్నాడు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న మన సామెత ఆయన వినే అవకాశం లేదు. అయినా దాని అర్థాన్ని ఆయన కంటే బాగా ఆచరణలో పెట్టినవారు అరుదు.

1914 అక్టోబరులో ఈ మహాజట్టు వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ బ్రేవ్స్ చేతిలో నాలుగుకు నాలుగు ఆటలూ ఓడిపోయింది. ఆ బోస్టన్, జూలై మొదట్లో తన లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టు. దీనికి తోడు ఫెడరల్ లీగ్ అనే కొత్త సంస్థ పుట్టి, ఉన్న లీగుల ఆటగాళ్ళకు పెద్ద జీతాలు చూపి లాగేసుకుంటోంది. న్యాయంగా మాక్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి: ఆయన బాధ నిజమైనదే. 1913లో మైదానానికి అయిదు లక్షల డెబ్బై వేల మందికి పైగా వచ్చారు. 1914లోనూ జట్టు లీగ్ గెలిచినా వచ్చినవారు మూడున్నర లక్షలు దాటలేదు. ఎప్పుడూ గెలిచే జట్టును చూసి చూసి ఫిలడెల్ఫియా ప్రజలకు మొహం మొత్తింది. జీతాలు పెరుగుతున్నాయి, టిక్కెట్లు తెగడం లేదు. ఇటువంటి పరిస్థితిలో సామాన్యుడైతే తల పట్టుకుంటాడు. మాక్ జట్టునే ఇతరుల చేతిలో పెట్టాడు.

బ్యాటర్లకు బంతి విసిరే పిచర్లలో ఎడ్డీ ప్లాంక్, చీఫ్ బెండర్ ఫెడరల్ లీగ్‌కు వెళ్ళారు, జాక్ కూంబ్స్‌ను వదిలేశారు. ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా బహుమతి అందుకున్న ఎడ్డీ కాలిన్స్‌ను 50,000 డాలర్లకు చికాగోకు అప్పగించారు. జీతం విషయంలో పట్టుబట్టిన ఫ్రాంక్ బేకర్‌తో మాక్ అంతకంటే గట్టిగా పట్టుబట్టడంతో, బేకర్ 1915 సీజన్ మొత్తం జట్టుకు దూరంగా ఉండిపోయాడు. జాక్ బారీ బోస్టన్ రెడ్ సాక్స్‌కు వెళ్ళాడు, బాబ్ షాకీ న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్ళాడు. 1915 ముగిసేసరికి జట్టు 109 ఆటలు ఓడి అట్టడుగుకు చేరింది. ఆ ఏడాదితోనే ఫెడరల్ లీగ్ కూడా మూతపడింది. శత్రువు నశించాడు కాబట్టి ఇక అమ్మకాలు ఆగుతాయని ఎవరైనా ఆశించి ఉంటే వారికి వ్యాపార రహస్యం తెలియదు. 1916లో బేకర్‌ను 37,500 డాలర్లకు న్యూయార్క్‌కు అమ్మారు. దొంగ పారిపోయాడన్న సంతోషంతో ఇంట్లో మిగిలిన బిందెను కూడా అమ్ముకున్నట్టయింది. లక్ష డాలర్ల నలుగురిలో స్టఫీ మెకిన్నిస్ ఒక్కడే మిగిలాడు. పెళ్ళివారందరూ వెళ్ళిపోయాక పందిట్లో మరిచిపోయిన కుర్చీ లాగా.

ఇక కూడబెట్టిన బలగం సంగతి. కాలేజీ కుర్రాళ్ళు వచ్చారు, చిన్న ఊళ్ళ జట్ల నుంచి కుర్రాళ్ళు వచ్చారు, వచ్చినవారు వచ్చినట్టే వెళ్ళారు; 1915 ఒక్క ఏడాదిలోనే యాభై మందికి పైగా ఆటగాళ్ళు ఆ దుస్తులు తొడిగి విప్పారు. కుర్రతనానికి సమతూకంగా 41 ఏళ్ళ నాప్ లాజోయ్‌ని కూడా ఉంచారు. 1901లో ఇదే జట్టు తరఫున నూరు ప్రయత్నాలకు నలభై రెండుకు పైగా హిట్లు కొట్టిన మహానుభావుడు 1916లో నూటికి ఇరవై నాలుగు దగ్గర ఆగి, ఆ ఏడాదితో ఆట నుంచి విరమించాడు. ఫీల్డింగ్‌లో జట్టు మొత్తం 300కి పైగా తప్పులు చేసింది. క్రికెట్ తెలిసిన మనకు దీన్ని ఇలా చెప్పవచ్చు: సగటున ఆటకు రెండుసార్లు, చేతిలోకి వచ్చిన బంతిని నేలకు వదలడమో, విసరవలసిన చోటికి కాక ప్రేక్షకుల వైపు విసరడమో జరిగింది. జూలైలో ముప్ఫై ఆటలాడి రెండు గెలిచారు. జూలై చివర మొదలైన వరుస ఓటములు ఆగస్టుకు ఇరవైకి చేరాయి. పరాయి ఊళ్ళలో 77 ఆటలాడి 13 మాత్రమే గెలిచారు. అతిథి ధర్మం ఇంతగా పాటించిన జట్టు మరొకటి కనబడదు.

ఈ వ్యవహారంలో నా సానుభూతి అంతా పిచర్లకే. బేస్‌బాల్‌లో ఆట గెలుపోటములను పిచర్ పేరిట కూడా రాస్తారు. జో బుష్ 15 గెలిచి 24 ఓడాడు, ఎల్మర్ మయర్స్ 14 గెలిచి 23 ఓడాడు. జట్టు మొత్తం గెలుపుల్లో 29 ఈ ఇద్దరివే. ఆగస్టు 26న బుష్ క్లీవ్‌లాండ్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు. మొదటి బ్యాటర్‌ను నాలుగు చెడ్డ బంతులతో బేస్ మీదికి పంపి, తరవాత తొమ్మిది ఇన్నింగ్స్‌లో, ఇన్నింగ్స్‌కు ముగ్గురు చొప్పున, వచ్చిన 27 మందినీ వరుసగా ఔట్ చేశాడు. ఫీల్డర్ల మీద నమ్మకం పోయిన మనిషి ఎంతటి పనికైనా పూనుకుంటాడని ఇంతకంటే ఏం నిరూపించాలి? మరోవైపు టామ్ షీహన్ ఒకటి గెలిచి 16 ఓడాడు. జాక్ నేబర్స్ ఏప్రిల్‌లో ఒకటి గెలిచి, ఆ రుచి మళ్ళీ చూడకుండా వరుసగా 19 ఓడి, మొత్తం 20 ఓటములతో సీజన్ ముగించాడు.

ఈ నేబర్స్ గురించి షీహన్ తరవాతి కాలంలో ఒక కథ చెప్పేవాడు. ఒక మండుటెండ రోజున నేబర్స్ 1–0 ఆధిక్యంతో చివరి ఇన్నింగ్స్‌కు వచ్చాడట. ఎప్పటిలాగే ఫీల్డర్లు బంతులు విసరవలసిన చోట విసరక స్కోరు సమం చేయించారు, ప్రత్యర్థి రన్నర్ ఒకడు, ఇంకొక్క మజిలీ దాటితే రన్ అయ్యే మూడో బేస్ చేరాడు. అప్పుడు నేబర్స్ తరవాతి బంతిని క్యాచర్‌కు అందనంత ఎత్తున విసిరేశాడు. రన్నర్ తీరిగ్గా వచ్చి గెలుపు రన్ చేసుకున్నాడు. ఎందుకలా చేశావని అడిగితే, మనవాళ్ళు ఇంకో రన్ ఎలాగూ చేయరని, ఈ ఎండలో ఇంకా తొమ్మిది ఇన్నింగ్స్ విసిరేంత పిచ్చి తనకు లేదని సమాధానమిచ్చాడట. ఇందులో నిజమెంతో, షీహన్ చేర్చిన ఉప్పూకారమెంతో గానీ, ఆ జట్టులో యాజమాన్యం విధానాన్ని పూర్తిగా అర్థం చేసుకున్న ఉద్యోగి నేబర్స్ ఒక్కడే.

దానధర్మాల ఫలితం ఊరికే పోలేదు. అమ్ముడైన షాకీ 1916లో న్యూయార్క్‌కు ఒక్కడే 24 ఆటలు గెలిపించాడు. కాలిన్స్‌ను కొన్న చికాగో రెండో స్థానంలో నిలిచి, మరుసటి ఏడు వరల్డ్ సిరీస్ గెలిచింది. ప్రేక్షకులు కూడా కృతఘ్నులు కారు. 1915లో వచ్చినవారు లక్షా నలభై ఆరు వేలు, 1916లో లక్షా ఎనభై నాలుగు వేలు. గెలుపుకు విసిగి ఇంట్లో కూర్చున్న జనం, ఓటమి ఈ స్థాయికి చేరేసరికి మళ్ళీ టిక్కెట్లు కొన్నారు.

ఇంత జరిగాక మేనేజర్‌ను ఏం చేశారని అమాయకులు అడుగుతారు. జట్టులో సగం వాటా బేస్‌బాల్ బంతుల వ్యాపారి బెన్ షైబ్ కుటుంబానిది, మిగతా సగం మాక్‌ది. మేనేజర్ మీద చర్య తీసుకోవాలంటే యజమానులు సమావేశం కావాలి, ఆ సమావేశానికి మేనేజర్ కూడా యజమాని హోదాలో సూటూ టై ధరించి రావాలి. జట్టు 1915 నుంచి 1921 దాకా ఏడు సీజన్లు వరుసగా అట్టడుగునే ఉంది, మాక్ మాత్రం బెంచీ మీదే ఉన్నాడు. 1929, 1930లలో మళ్ళీ వరల్డ్ సిరీస్ గెలిచి, ఆ జట్టును కూడా మళ్ళీ ఒక్కొక్కరినీ అమ్మేశాడు. 1950లో, 87వ ఏట లేచి ఇంటికి వెళ్ళేసరికి మేనేజర్‌గా అత్యధిక విజయాలూ ఆయనవే, అత్యధిక పరాజయాలూ ఆయనవే.

2024లో చికాగో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడినప్పుడు 1916 నాటి ఘనత చెరిగిపోయిందని కొందరు కంగారుపడ్డారు. ఆడినవి 162, గెలిచినవి 41; నూటికి పాతిక పైనే. ఫిలడెల్ఫియా నూటికి ఇరవై మూడున్నర దగ్గర చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. చికాగోవారు ప్రయత్నలోపం చేశారని అనలేం. వరుసగా 21 ఓటముల దాకా వెళ్ళారు. కాకపోతే ఆగస్టులోనే వారి మేనేజర్‌ను తొలగించారు. పాపం, ఆయనకు జట్టులో వాటా లేదు.