అంటరానితనం పాటించొద్దని ఎస్సీ కాలనీకి హెచ్చరిక

ప్రతి నెలా 30వ తేదీన మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం కుల వివక్ష మీద దండెత్తుతుంది. దాని పేరు పౌర హక్కుల దినోత్సవం. ఎస్సీ, ఎస్టీల మీద జరిగే వివక్షను విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ ఉమ్మడి రాష్ట్రంలో సదుద్దేశంతో చేసిన సిఫార్సుల్లోంచి పుట్టిన ఆనవాయితీ ఇది. ఫిబ్రవరిలో 30 రాదు గనక ఆ నెల వివక్షకు కాస్త ఊపిరి పీల్చుకునే వెసులుబాటు ఉంటుంది. మిగతా పదకొండు నెలలూ గడ్డుకాలమే.

ఇంతకీ దండు ఎక్కడికి వెళ్తుందనుకున్నారు? తరచుగా ఎస్సీ కాలనీకే! దొంగతనం తప్పని చెప్పడానికి, సొమ్ము పోగొట్టుకున్నవాళ్లని పిలిచి కూర్చోబెట్టినట్టు.

కాలనీ మధ్యలో షామియానా వేస్తారు. ఫ్లెక్సీ కడతారు. అందులో అంబేడ్కర్ తపాలా బిళ్లంత ఉంటాడు, నాయకులు నిలువెత్తున ఉంటారు. పదకొండింటికి రావాల్సిన అధికారులు ఒంటిగంటకు దిగుతారు. అప్పటిదాకా కూలి మానుకుని కూర్చున్న ఆడవాళ్ల మీద ఎస్సైగారు మైకు పట్టుకుని విరుచుకుపడతారు. "ఈ రోజుల్లో కూడా మనిషిని కులం పేరుతో దూరం పెడతారా? సిగ్గుండక్కర్లా? ఇక మీదట ఎవరూ అంటరానితనం పాటించకూడదు!"

ముందు వరసలో ఉన్న ముసలమ్మ బుద్ధిగా తలూపుతుంది. ఎవరికి తెలుసు, ఊళ్లో కామందులను ఆవిడ ఇన్నేళ్లూ గుడి మెట్లు ఎక్కనివ్వలేదేమో! టీ కొట్లో వాళ్లకి వేరే గ్లాసు పెట్టించిందేమో! పక్కనున్న మనవడికి కూడా చెబుతుంది: "రేపట్నుంచి ఆసాముల పిల్లల్ని కుళాయి దగ్గర తరమబాకురా, సారు కేసు పెడతారంట." ఆ తర్వాత అందరూ చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తారు, వివక్ష పాటించబోమని. ఫొటో తీస్తారు. ఫొటోలో ముసలమ్మ చెయ్యి సరిగా లేవలేదని ఇంకోసారి చేయిస్తారు.

ప్రతిజ్ఞ చేయాల్సినవాళ్లు ఆ టైముకి రామాలయం అరుగు మీద పేకాడుతుంటారు. మైకు అక్కడిదాకా బాగానే వినిపిస్తుంది.

ఆనక సహపంక్తి భోజనం. టౌను నుంచి తెప్పించిన బిర్యానీ, సీలు విప్పని నీళ్ల సీసాలు. కాలనీలో పొయ్యి మీద ఉడికిన మెతుకు ఒక్కటీ ఏ అధికారి నోట్లోకీ వెళ్లదు. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని మాత్రం గర్వంగా ప్రకటిస్తారు. పోయింది మరి, పేపరు కప్పు వచ్చింది కదా. తాగి పారేసేదాన్ని ఎవరు తాగారో చూసే పనిలేదు, కడిగే పని అంతకన్నా లేదు.

అప్పుడు ముసలమ్మ లేచి, "అయ్యా, మరి మమ్మల్ని గుళ్లోకి ఎప్పుడు తీసుకెళ్తారు?" అంటుంది. "అది శాంతిభద్రతల విషయం పెద్దమ్మా. పెద్దమనుషులతో మాట్లాడి చెబుతాం."

గుళ్లోకి రానివ్వకపోతే 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం ప్రకారం నెల నుంచి ఆరు నెలల జైలు, దాంతోపాటు 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఫ్లెక్సీకి అయ్యే ఖర్చు ఇంతకంటే ఎక్కువ. 1989 నాటి అట్రాసిటీ చట్టం గట్టిదే. కాకపోతే అది కదలాలంటే ఈ ఎస్సైగారి పెన్నే కదలాలి.

అవగాహన లేకనే ఇదంతా జరుగుతోందట! అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఏ అవగాహన తక్కువైంది? సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి నరికి చంపారు. కొన్ని శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్లో పోలీసులుండగానే. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మరి ఎవరు చంపినట్టు? చచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే సంచుల్లో దూరి మూతి కట్టుకున్నారా? అది నేరమని ఆ కత్తులు పట్టినవాళ్లకి తెలియదా? తెలుసు. ఏమీ కాదని కూడా తెలుసు.

వచ్చే 30న షామియానా ఆ రామాలయం ముందు వెయ్యండి. గొడవలవుతాయంటారు. అంటే ఎవరు చేస్తారో మీకు ముందే తెలుసన్నమాట. ఆ పేర్లే కాగితం మీద రాసుకోండి. మీటింగుకి పిలవాల్సింది వాళ్లనే.