కృతజ్ఞత లేని డాబాలు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనూ, ఒంగోలు లాయర్‌పేటలోనూ కొన్ని డాబాలు ఇంటింటికీ కరెంటు అమ్మే డిస్కంకు పట్టపగలే ద్రోహం చేస్తున్నాయి. గాలివానకు స్తంభం పడితే అర్ధరాత్రి లైన్‌మన్‌ను పంపిన డిస్కంను, నెత్తిన నాలుగు సోలార్ పలకలు పెట్టుకోగానే మర్చిపోయాయి. ఎండనైతే ఏమీ అనలేం. రోహిణి కార్తెలో మనకు అడక్కుండా దొరికేది అదొక్కటే.

నష్టం ఎంతో లెక్క చూడండి. మన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 225 దాటితే రూ.8.75, 400 దాటితే రూ.9.75. రెండు ఏసీల ఆసామి నెలకు 400 యూనిట్లు కాలిస్తే, స్థిర చార్జీ, సుంకం కాకుండానే రూ.2,548 అవుతుంది. 3 కిలోవాట్ల సోలార్ రోజుకు ఓ 12 యూనిట్లు ఇస్తుంది. నెల తిరిగేసరికి బిల్లులో 40 యూనిట్లే మిగులుతాయి, 87 రూపాయలు! పోయినవన్నీ ఎక్కువ రేటు పలికే మీగడ యూనిట్లు. డిస్కంకు మిగిలింది రూ.1.90 మజ్జిగ. ఆ మీగడతోనే కదా ఇన్నాళ్లూ పేదింటి బల్బు వెలిగింది?

నెలవారీ ఖాతాలతో నడిచే మెస్ ఒకటి ఊహించుకోండి. డబ్బున్న ఖాతాదారు మధ్యాహ్నం ఇంట్లోనే వండుకుంటాడు. మిగిలిన గిన్నెడు పప్పు తెచ్చి మెస్ గల్లాపెట్టె మీద పెట్టి, ‘ఇది రాసుకోండి, రాత్రికొచ్చి చేపల పులుసు తింటా, లెక్క సరి’ అంటాడు. వంటవాడి జీతం, హాలు అద్దె ఎవరిస్తారని ఓనర్ అడిగితే ‘పర్యావరణం సార్’ అంటాడు. పగటి సోలార్ యూనిట్లు డిస్కంకు ఇచ్చి రాత్రి వాడకంలో కొట్టేయించుకునే ఈ లెక్కనే మర్యాదగా నెట్ మీటరింగ్ అంటారు. వంటవాడి జీతం కింద ఆయన కట్టేది కిలోవాట్‌కు నెలకు 10 రూపాయల స్థిర చార్జీ.

రాత్రి పులుసు తేలిగ్గా ఉడకదు మరి. పొద్దుగూకితే పలకలు పడుకుంటాయి, ఏసీలు లేస్తాయి, చెరువుల్లో రొయ్యలకు ఊపిరాడక ఏరేటర్లు తిరుగుతాయి. మధ్యాహ్నం తగ్గించిన బొగ్గు బాయిలర్లను సాయంత్రానికి మళ్లీ ఉరకలెత్తించాలి. నేలటూరు థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు 3 ఉన్నాయి. అలాంటి కేంద్రాల కరెంటు వాడినా వాడకపోయినా ఒప్పందం ప్రకారం స్థిర ఖర్చు కట్టాల్సిందే. అమ్మే యూనిట్లు తగ్గితే రేటు పెంచాలి. రేటు పెంచితే ఇంకో నాలుగు డాబాలు పలకలెక్కిస్తాయి. అప్పుడు మళ్లీ పెంచాలి. అమెరికా విద్యుత్ సంస్థల సంఘం 2013లోనే ఈ సుడిగుండాన్ని తలచుకుని బెంగ పెట్టుకుంది. మనకు బెంగలు కూడా ఆలస్యంగానే దిగుమతి అవుతాయి.

ఇంత ద్రోహానికి సబ్సిడీ ఇస్తున్నదెవరు? సాక్షాత్తూ కేంద్రమే. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ అనే డాబా సోలార్ పథకం పెట్టి, కోటి ఇళ్లకు రూ.75,021 కోట్లు కేటాయించింది. 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ. దరఖాస్తు మాత్రం డిస్కం చేతుల మీదుగానే నడవాలి. తన ఖాతాదారును తానే దగ్గరుండి సాగనంపే భాగ్యం ఇంకే వ్యాపారికి దక్కుతుంది?

(మనలో మాట, డిస్కంల అప్పులు ఈ పలకలు డాబాలెక్కక ముందు నుంచీ ఉన్నవే. సర్కారు ఆఫీసులు కట్టని కరెంటు బిల్లులూ అంతే. కానీ ఆఫీసుల మీద కోప్పడటం కష్టం, డాబా మీదైతే సులువు.)

ఇక మిగిలింది అద్దె పోర్షన్ల జనం. వీళ్లకు డాబా లేదు, పలకల్లేవు, సబ్సిడీ లేదు. మీటరుంది, దాంతోపాటు డిస్కం అంచనాకు మించి పెట్టిన ఖర్చును తర్వాత రాబట్టే ట్రూ అప్ చార్జీలున్నాయి. వెళ్లిపోయినవాళ్ల వంతు స్తంభాలు, తీగలు రేపు వీళ్ల బిల్లులోకే వస్తాయి. ఓనర్ మాత్రం సోలార్ ఇల్లు కదా అని అద్దె పెంచాడు. పైన బట్టలు ఆరేయొద్దని కూడా చెప్పాడు, ప్యానెళ్ల మీద నీడ పడుతుందట.