నంది ముక్కుకు సిమెంటు

పాత విగ్రహాలను కాపాడే కన్జర్వేషన్ కోర్సు చదవాలనుకునే మన నల్గొండ పిల్లలకు ఒక మనవి: మానుకోండి. అందులో విగ్రహాన్ని ముట్టుకోవాలంటే ముందు ఫొటోలు తీయాలట. ఎక్కడ పగిలిందో, ఎక్కడ ఉప్పు పొంగిందో కాగితం మీద గుర్తులు పెట్టాలట. తర్వాత పుల్లకు దూది చుట్టి, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, ఎవరికీ కనబడని మూలన రూపాయి బిళ్లంత మేర తుడిచి చూడాలట. విరిగిన ముక్క అతికించడానికి పారలాయిడ్ బి-72 అనే రెజిన్. అదే ఎందుకయ్యా అంటే, రేపెవరికైనా అతుకు నచ్చకపోతే అసిటోన్‌తో కరిగించి తీసేయొచ్చట. మనం చేసిన పనిని తర్వాతివాడు ఊడదీసేలా చేయడం నేర్పుతారు, దానికి ఫీజు కూడానూ!

మా దగ్గర ఈ సిలబస్ ఒక్క పూటలో అయిపోతుంది. సెలవులకు ఊరికొచ్చిన ఒక విద్యార్థి గుడి ముందు గొంతుక్కూర్చుని నంది చెవి తుడుస్తున్నాడు. కమిటీ పెద్దాయన వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"నందికి పూసిన ఎనామిల్ రంగు తీస్తున్న పెద్దనాయినా. లోపల తేమ ఆగి రాయి పొట్టులేస్తది."

"ఎన్నొద్దులయితది?"

"ఈ చెవికే వారం."

"లక్షలు వోసి సదివిస్తే చెవులు తుడుసుడు నేర్పిచ్చిండ్రా?" పెద్దాయన నిజంగానే జాలిపడి, మిషన్ తెమ్మని కేకేశాడు. మిషనంటే గ్రైండర్. పగటన్నం వేళకు నంది మెడలో గంటల పట్టెడ మాయం. కొమ్ములకు బంగారు రంగు, అరిగిన ముక్కుకు సిమెంటు. సిమెంటులోని లవణాలు తేమతో రాయిలోకి దిగి పైపొరను ఊడగొడతాయని మేస్త్రీకి చెప్పి చూడండి, ఇంకో తట్ట పూస్తాడు. పిల్లాడికి మాత్రం శాలువా కప్పి ఫొటో దిగారు.

సరే, ముక్కు పోతే పోయింది. పీఠం మీద నాలుగు వరుసల శాసనం ఉండేది, అదీ నున్నగైంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం 1208 నాటిదని మనకేమైనా కలొచ్చిందా? రాతి మీద చెక్కారు కాబట్టి తెలిసింది. ఈ నాలుగు వరుసల్లో ఎవరు ఏ చెరువు తవ్వించారో, ఎంత మాన్యం ఇచ్చారో ఇక పాత వస్తువులను కాపాడే లక్నో జాతీయ ల్యాబు దిగొచ్చినా చెప్పలేదు. రంగును కరిగించొచ్చు, సిమెంటును ఓపికుంటే గీకొచ్చు. గ్రైండర్ మింగిన అక్షరాన్ని ఎవడు తెస్తాడు? అడిగితే "రాయే కద సార్" అంటారు. మీ పట్టాదారు పాసుబుక్కు కూడా కాగితమే కదా, తెండి, దాన్నీ గీకేద్దాం!

ఆ వరుసలున్న చోట ఇప్పుడు నల్ల గ్రానైటు పలక బిగించారు. దాతల పేర్లు, ఎవరెంత ఇచ్చారో అన్నీ ఉన్నాయి. గ్రైండర్ అద్దె కట్టినాయన పేరు అన్నిటికన్నా పైన.