తొమ్మిదో నెలలో త్రేన్పు వస్తే తలదించుకోవాలా?

నిన్న విజయవాడలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాలయ్యాక నాకు గట్టిగా త్రేన్పు వచ్చింది. తొమ్మిదో నెల, బిడ్డ కాళ్లు నా పక్కటెముకల కింద తన్నుతున్నాయి, ఆపుకుంటే ఆగేదా అది? ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ అందరికీ వినపడేలా "ఇంత చదువుకున్నావు, నలుగురిలో ఇదేంటమ్మా" అన్నారు. అంతకుముందే అదే వరసలో ఒక పెద్దాయన హాలు మారుమోగేలా త్రేన్చారు. ఒక్కరు కూడా తలతిప్పి చూడలేదు. ఇంటికొచ్చాక కూడా నాకు కోపం తగ్గలేదు.

పైగా విస్తరిలో వద్దన్నా వినకుండా పులిహోర, బూరెలు వేయించింది కూడా ఆవిడే. ఇద్దరికీ సరిపడా తినాలట! మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి అదనంగా చెప్పింది రోజుకు 350 కిలో క్యాలరీలు. రెండో మనిషి భోజనం కాదది. చివరి నెలల్లో గర్భసంచి పైకి పెరిగి జీర్ణాశయాన్ని నొక్కేస్తుంది. ప్రొజెస్టెరాన్ హార్మోన్ వల్ల అన్నవాహిక కింద ఉండే కండరం వదులవుతుంది. లోపలి ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. గుండెల్లో మంట, పుల్లతేన్పులు, పడుకుంటే గొంతులోకి చేదు... ఇవన్నీ దానివల్లే. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిననివ్వాలి, తిన్నాక కాసేపు కూర్చోనివ్వాలి. ఈ రెండూ చేయనివ్వకుండా కొసరి కొసరి వడ్డించి, తర్వాత మర్యాదల గురించి చెబితే ఎవరికి మండదు?

ఇక మోషన్ సంగతి. దీని గురించి పైకి మాట్లాడితే నేరం చేసినట్టు చూస్తారు. అదే హార్మోన్ పేగుల్ని కూడా నెమ్మది చేస్తుంది, ఐరన్ టాబ్లెట్ దానికి తోడవుతుంది, బిడ్డ బరువు కిందికి నొక్కుతుంది. మలబద్ధకం, దాంతో మొలలు. ఎంతమంది ఆడవాళ్లు ఈ బాధ మొగుడికి కూడా చెప్పుకోలేక బాత్రూమ్‌లో ఏడ్చి ఉంటారో! మా పక్క వీధి అమ్మాయి ఒకరు మోషన్ నల్లగా అవుతోందని భయపడి ప్రభుత్వం ఇచ్చిన ఐరన్ టాబ్లెట్లన్నీ పారేసింది. ఐరన్ వేసుకుంటే రంగు అలా మారుతుందని, అది మామూలేనని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. అడగడానికి తనకి సిగ్గు. మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. సిగ్గు పేరుతో ఈ మాటలు దాచినందుకు చివరికి రక్తం తగ్గేది ఇలాంటి అమ్మాయిలకే.

చెప్పేవాళ్లు కూడా ఏం చెబుతారు? ఆముదం తాగమంటారు, వంటసోడా కలిపిన నీళ్లు తాగమంటారు. ఆముదంతో నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది. డాక్టర్‌ని అడగకుండా ఈ రెండూ నోట్లో పోయొద్దు, దయచేసి.

సీమంతానికి గాజులు తొడుగుతారు, పాటలు పాడతారు, ఫొటోలు తీస్తారు. అక్కడికి వచ్చిన అంతమంది తల్లుల్లో ఒక్కరైనా నన్ను పక్కకి పిలిచి, ఇక నుంచి కడుపు అప్పుడప్పుడూ రాయిలా గట్టిపడి వదిలేస్తుంది, అవి దొంగ నొప్పులు, కాసేపు పడుకుంటే తగ్గిపోతాయి అని చెప్పలేదు. లోపల లయగా టిక్కు టిక్కుమంటే బిడ్డకి ఎక్కిళ్లని చెప్పలేదు. అర్ధరాత్రి పిక్కలు పట్టేస్తాయని, కడుపు కిందికి జారాక ఊపిరి తేలికై మూత్రం మాత్రం ఎక్కువవుతుందని చెప్పలేదు. వాళ్లందరూ పడ్డవే కదా ఇవి! మొదటి కాన్పులో నేను ఈ ఒక్కో దానికీ టెన్షన్ పడి రాత్రుళ్లు నిద్ర లేకుండా గడిపాను.

ఇంకో మాట, దీన్ని మాత్రం దాటేయకండి. చివరి నెలల్లో కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, దానితో తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే అది గ్యాస్ అనుకోవద్దు. బీపీ పెరిగి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రుళ్లు విపరీతంగా దురద పెడితే కాలేయం పరీక్ష చేయించాలి. బిడ్డ కదలిక తగ్గినా, రక్తం కనిపించినా, నీరు పోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. మామూలువి ఏవో చెప్పకపోతే మామూలు కానివి ఎలా తెలుస్తాయి ఆడపిల్లకి?

అసలు నా కోపం నిన్నటిది ఒక్కటే కాదు. మొదటి కాన్పప్పుడు నేను పనిచేసిన ఆఫీసులో మా అంతస్తులో ఆడవాళ్లకి బాత్రూమ్ లేదు. రెండంతస్తులు దిగాలి. దానికి తాళం ఉండేది, తాళంచెవి అడ్మిన్ దగ్గర. ఎనిమిదో నెలలో గంటగంటకీ ఒక మగాడి ముందు నిలబడి తాళంచెవి అడగలేక నీళ్లు తాగడం మానేశాను. మలబద్ధకం ముదిరింది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. గర్భంలో ఆ ఇన్ఫెక్షన్‌ని నిర్లక్ష్యం చేస్తే కిడ్నీలదాకా పాకుతుంది, నెలలు నిండకుండానే నొప్పులు కూడా రావచ్చు. నీళ్లు ఎందుకు తాగట్లేదని డాక్టర్ నన్ను తిట్టారు. ఆ తిట్టు పడాల్సింది నాకా?

బస్టాండ్లూ అంతే, గుళ్లూ అంతే. బాగున్నవి లేవని కాదు, అవసరమైనప్పుడు దొరకవు. నిన్నటి ఫంక్షన్ హాలుకి లక్షలు కట్టి ఉంటారు. స్టేజీకి పూలు ఎక్కడినుంచి తెప్పించారో నాకు ముగ్గురు చెప్పారు. ఆడవాళ్ల బాత్రూమ్ మాత్రం పైఅంతస్తులో, లిఫ్టు లేదు, లోపల పట్టుకోవడానికి కమ్మీ లేదు, నేలంతా తడి. మా చెల్లి చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కి దిగాను. కింద ఒకటి కట్టించకూడదా అని మేనేజర్‌ని అడిగితే, ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు మేడమ్ అన్నాడు. హాలు బుక్ చేసుకునే అక్కలూ అన్నలూ, అడ్వాన్సు చేతిలో పెట్టే ముందే అడగండి.