మౌజరు తుపాకికి గజకేసరి యోగం

ఓరుగల్లు మేధావులు మిర్చి ధర గురించీ, మేడిగడ్డ పగుళ్ల గురించీ, కోతుల బెడద గురించీ రాసి రాసి అలిసిపోయారు కానీ, హనుమకొండలో కొంతకాలంగా రగులుతున్న అసలు సమస్యను ఒక్కరైనా పట్టించుకున్న పాపాన పోలేదు. ఒకప్పుడు యుద్ధం కోసం పుట్టి, ఇప్పుడు ఒక పెద్దమనిషి ఇంటి ఇనుప బీరువాలో పట్టుచీరల పక్కన విశ్రాంతి తీసుకుంటున్న ముత్తాత నాటి పాత జర్మన్ మౌజరు రైఫిలును, ఏనుగును పడగొట్టే బోరుకు (అంటే లావాటి తూటా పట్టేలా గొట్టం లోపలి వెడల్పుకు) మార్పించాలా లేక అడవిదున్నతో సరిపెట్టుకోవాలా అన్నదే ఆ సమస్య. ప్రజాజీవితంలో ఇంతటి ప్రాధాన్యం గల విషయం మీద పత్రికలు మౌనం వహించడం శోచనీయం కనుక, ఆ లోటును నా శక్తికొద్దీ పూడ్చడానికి పూనుకున్నాను.

సదరు పెద్దమనిషిని ఇక్కడ దొరవారు అని పిలుస్తాను. గడీ ఏనాడో కూలింది, భూములు ప్లాట్లయ్యాయి, అయినా ఆ పిలుపు మాత్రం ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసుకూ వెళ్లకుండానే వారసత్వంగా వస్తోంది. ఆదివారం ఉదయం వారింటికి వెళ్లినవారికి చాయ్‌తో పాటు మౌజరు దర్శనం కూడా లభిస్తుంది. టీపాయి మీద నిన్నటి పేపరు పరిచి, రైఫిలును పడుకోబెట్టి, తూటాను లోపలికి తోసి మూసే బోల్టును, పిడి పైకెత్తి వెనక్కి లాగి బయటకు తీసి, పాత ధోతి పేలికతో నెమ్మదిగా తుడుస్తారు. నూనె వాసన, కలరా ఉండల వాసన కలగలిసి హాలంతా నిండుతాయి. ఆ బోల్టు పక్కన బెత్తెడుకు పైచిలుకు పొడవున్న ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. దాని కొసన గోరులాంటి వంపును బొటనవేలితో తడుముతూ, "ఇగో, మౌజరు ప్రాణం ఇండ్లనే ఉన్నది" అని దొరవారు సెలవిస్తారు.

ఈ ఒక్క మాటలో వ్యంగ్యానికి ఏమాత్రం తావులేదు. పాల్ మౌజరు రూపొందించిన ఆ నమూనాను జర్మనీ సైన్యం 1898లో స్వీకరించింది. తూటా మ్యాగజీన్‌లోంచి పైకి లేచీ లేవగానే ఆ గోరు దాని అంచును పట్టుకుంటుంది. పేలి ఖాళీ అయిన గొట్టాన్ని బయటకు విసిరేదాకా ఆ పట్టు వదలదు. కంగారులో బోల్టును సగం తోసి వెనక్కి లాగినా, లోపల ఒక తూటా ఉండగా రెండోది వచ్చి ఇరుక్కోదు. కందకంలో వణుకుతున్న పల్లెటూరి సిపాయి కోసం చేసిన ఈ ఏర్పాటు, మీదికి దూకుతున్న దున్నపోతు ముందు నిలబడిన వేటగాడికి కూడా అంతే అక్కరకు వస్తుందని ఇంగ్లండులోని తుపాకుల కంపెనీలు త్వరగానే గ్రహించాయి. లండన్‌లోని రిగ్బీ కంపెనీ మౌజరు బోల్టు మీద వేట రైఫిళ్లు కట్టి అమ్మింది. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ చేతిలో ఉన్న .275 రిగ్బీ (ఈ అంకె సుమారుగా అంగుళాల్లో బోరు కొలత) కూడా మౌజరు బిడ్డే. రెండు ప్రపంచ యుద్ధాలు ముగిశాక మిగిలిపోయిన సైనిక రైఫిళ్లు చవకగా దొరకడంతో, యూరప్‌లోనూ అమెరికాలోనూ వాటిని వేటకు మలచడం ఒక కుటీర పరిశ్రమగానే సాగింది. చౌకగా దొరికినది కావడమే దాని అసలు ఆకర్షణ అన్న సంగతిని మాత్రం దొరవారి హాలులో ఎత్తకూడదు.

ఇక బోరు ఎంపిక దగ్గర పక్షాలు ఏర్పడ్డాయి. బుద్ధిమంతుల పక్షం ఒకటి, 9.3 మిల్లీమీటర్ల తూటా చాలునని వాదించింది. బెర్లిన్‌కు చెందిన ఒట్టో బాక్ అనే తుపాకుల తయారీదారు 1905లో దీన్ని మౌజరు కొలతలకు సరిగ్గా సరిపోయేలా చేశాడు. ఆఫ్రికాలోని జర్మన్ వలసల్లో వ్యవసాయం చేసుకునే మధ్యతరగతి మనిషి, డబ్బున్నవాడి జోడుగొట్టాల తుపాకి కొనలేనివాడు, దీనితో ఏనుగును సైతం ఎదుర్కొన్నాడు. రైఫిలు ఒంటిని పెద్దగా కోయనక్కరలేదు, ఖర్చు తక్కువ, పని జరుగుతుంది. ఇన్ని సుగుణాలున్న ప్రతిపాదన వీగిపోవడం ఎవరికీ ఆశ్చర్యం కలిగించలేదు. "రైతులు కొట్టే తుపాకి మనకెందుకు?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ పక్షం కూలబడింది.

రెండో పక్షం 1912లో హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ తెచ్చిన .375 మాగ్నమ్‌ను బలపరిచింది. ఇది కులీనుల తూటా, ఆఫ్రికా వేటలో నేటికీ గౌరవం తగ్గనిది. అయితే ఇది మామూలు మౌజరు మ్యాగజీన్‌లో పట్టనంత పొడవైనది కనుక, రైఫిలు ఒంటిలోంచి కొంత ఉక్కును తొలగించి చోటు చేయాలి. తొలగించవలసిన ఆ ఉక్కు సరిగ్గా పేలుడు ఒత్తిడిని భరించే చోటికి ఆనుకుని ఉండటం ఇందులోని సొగసు. దెబ్బను ఎక్కువ చేయడం కోసం దెబ్బను కాసే చోటును పలుచన చేయడం అనే ఈ పద్ధతి మన చెరువు కట్టల నిర్వహణకు బాగా అలవాటైనదే కనుక, సాంకేతిక అభ్యంతరాలు ఎవరూ లేవనెత్తలేదు.

మూడో పక్షం, అంటే దొరవారి మేనల్లుడు, 1956లో విన్‌చెస్టర్ కంపెనీ విడుదల చేసిన .458 మీద పట్టుబట్టాడు. మామూలు పొడవున్న రైఫిళ్లలో పట్టేటట్టుగానే దాన్ని తయారుచేశారు కనుక పొడవు తగాదా లేదు. తూటా ముక్క ఒక్కటే 500 గ్రెయిన్లు, అంటే ముప్పై రెండు గ్రాములకు పైమాట. అది ముందుకు ఎంత గౌరవంగా వెళ్తుందో రైఫిలు వెనక్కి అంత గౌరవంగానూ వస్తుంది. సిపాయి రైఫిలుకు పెట్టిన పాత చెక్క ఆ తన్నును తట్టుకోలేక పగులుతుంది కనుక చెక్క మార్చాలి. గురి చూసే టెలిస్కోప్ బిగిస్తే బోల్టు పిడి దానికి తగులుతుంది కనుక పిడి వంచాలి, సైనిక సేఫ్టీ మీట కూడా అడ్డమొస్తుంది కనుక దాన్నీ మార్చాలి. ట్రిగ్గరు బరువు కనుక అదీ మార్చాలి. గొట్టం సంగతి చెప్పనే అక్కరలేదు, అసలు మొదలైందే దాని గురించి. దొరవారి భుజాన్ని మార్చే వెసులుబాటు మాత్రం వైద్యశాస్త్రం ఇంకా కల్పించలేదు. కిందటేడే ఆ భుజం పట్టేసి, ఫిజియోథెరపీ చేయించుకున్నారు.

ఖర్చు ప్రస్తావన తెచ్చిన ఒక రిటైర్డ్ లెక్చరర్‌ను సభ సహించలేదు. ఆయన చెప్పినదల్లా, ఇన్ని పనులకయ్యే డబ్బుతో అదే బోరు రైఫిలు కొత్తది వస్తుందనీ, పైగా సైన్యం ముద్రలు చెదరని పాత మౌజరుకు ప్రపంచమంతటా సేకర్తలు మంచి వెల కడుతున్నారనీ, ఒకసారి కోసి చెక్కాక ఆ వెల తిరిగి రాదనీ. వేయిస్తంభాల గుడికి గ్రానైటు టైల్స్ వేయించి విలువ పెంచినట్టే ఉంటుందని కూడా ఆయన అన్నారు. పాత వస్తువు విలువను డబ్బిచ్చి తగ్గించుకోగలగడమే కదా అంతస్తు అంటే! ఆ సూక్ష్మం అందని లెక్చరర్‌గారికి ఆ తర్వాతి ఆదివారం చాయ్ అందలేదు.

చట్టం వైపు నుంచి వచ్చే చిన్నచిన్న ఇబ్బందులను కూడా నిష్పక్షపాతంగా ప్రస్తావించాలి. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షను, తుపాకి తయారీనే కాదు, మార్పిడిని కూడా లైసెన్సు లేకుండా చేయరాదంటుంది. 2019 సవరణ తర్వాత ఆ పని చేసినవారికి ఏడేళ్లకు తగ్గని జైలు శిక్ష, గరిష్ఠంగా యావజ్జీవం. కనుక ఏ లేత్ మెషిన్ షెడ్డులోనో ఆటో విడిభాగాల మధ్య ఈ పవిత్ర కార్యాన్ని కానివ్వడం కుదరదు. విదేశీ తుపాకుల దిగుమతి సామాన్య పౌరులకు 1980లలోనే మూతపడింది. ఇక పంట కాపలా కోసం రైతు దరఖాస్తు పెట్టుకుంటే అదే చట్టం పదమూడో సెక్షను ఏ తుపాకిని తలచుకుంటుందో చూడండి: మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకిని. చట్టసభ దృష్టిలో మన రైతు ఇంకా మందూ గుళ్లూ కూరుకుంటూ, అంతదాకా ఆగమని పందిని బతిమాలుకుంటూ ఉన్నాడు.

నిజానికి మన దేశంలో సైనిక రైఫిలును వేట బోరుకు మార్చిన ఘనత మొదట సర్కారుదే. మూడువందల మూడు, అనగా .303, సైన్యపు తూటా కనుక జనం చేతికి చిక్కరాదని బ్రిటిష్ పాలకులు నిషేధించారు. ఆ భయం ఎంతదాకా పోయిందంటే, ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో .450 బోరును కూడా ఆపేశారు. దొరలు వేట మానలేరు కనుక, లండన్ కంపెనీలు .465, .470 అంటూ వెంట్రుకవాసి తేడాతో కొత్త బోర్లను ముందుకు తెచ్చాయి. నిషేధం నిషేధంగానే ఉంది, ఏనుగు ఏనుగులాగే చచ్చింది. స్వతంత్రం వచ్చాక ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ .303 సైనిక రైఫిలు లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు మీదే .315 బోరు రైఫిలు చేసి పౌరులకు అమ్మింది. ఆ తూటా మూలం పాతకాలపు ఆస్ట్రియా సైన్యానిది. అంటే మన సైన్యం తూటా మనకు పనికిరాదు, పరాయి సైన్యం మూలనపడేసిన తూటా పనికొస్తుంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు తమ .303లకు 2020 గణతంత్ర దినోత్సవం నాడు వీడ్కోలు పలికారు కానీ, పౌరుడి విషయంలో అది ఇప్పటికీ నిషిద్ధ బోరే.

ఇక మిగిలింది జంతువు. ఇంతటి తుపాకికి తగిన జంతువు కోసం దొరవారు చాలా నిజాయితీగా వెతికారు. ఏటూరునాగారం అభయారణ్యంలో అడవిదున్న ఉంది, కవ్వాల్‌లో పులి తిరుగుతుంది. రెండింటినీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యంత రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో కూర్చోబెట్టింది. వైస్రాయి కర్జన్ నెక్కొండ అడవుల్లో విడిది చేసి పులులను వేటాడిన రోజులను దొరవారు నిన్న మొన్నటివిగా చెబుతారు. ఆ వేటల్లో పొదలు కొట్టి పులిని లేపే పని ఎవరు చేశారో, కూలి ముట్టిందో లేదో, వెట్టి కింద జమ అయిందో ఆ కథలో రాదు. వేటగాడికి కావలసింది తుపాకి ఒక్కటే కాదు, డప్పులు పట్టుకుని ముళ్లలో నడిచే వంద మంది కూడా అన్న సంగతి బోరు చర్చలో ఎవరికీ తట్టలేదు. ఆ వంద మందిని ఇప్పుడు ఏ కంపెనీ తయారు చేయడం లేదు.

నర్సంపేట అవతలి ఊరి నుంచి, పాత పాలేరు మనవడు ఒకాయన ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చి, ఈ చర్చ విని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"దొరా, మా మక్కచేన్ల పందులు పడ్డయి. రాత్రంత మంచె మీద డబ్బాలు కొట్టుకుంట కూసుంటున్నం. గీ తుపాకి ఇప్పుడున్న బోరుతోని పంది చావదా?"

దొరవారు నొచ్చుకున్నారు. "పందిని కొట్టేటందుకు మౌజరు తీస్తర్రా? ఇది ఏనుగుల తుపాకి అయితాంది."

"మరి ఏనుగు ఎన్నడొస్తది దొరా?"

ప్రశ్నలో అమాయకత్వం ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో తేల్చడం కష్టం. ఏనుగు రాకపోలేదు. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి ఒక ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చి, పొలం పనుల్లో ఉన్న ఇద్దరు రైతులను చంపి, తిరిగి నది దాటిపోయింది. ఆ వార్త వచ్చిన ఆదివారం మౌజరు హాలులో ఉత్సాహం కట్టలు తెంచుకుంది. "చూసిండ్రా, నేను చెప్పలే?" అని దొరవారు అందరినీ పేరుపేరునా అడిగారు. పోయినవాళ్లు ఏ ఊరివాళ్లో, వాళ్ల ఇళ్లకు పరిహారం చేరిందో లేదో ఎవరూ అడగలేదు. ఆ ఏనుగు కూడా మొదటి షెడ్యూలుదే, దాన్ని కాల్చాలంటే రాష్ట్ర అటవీ శాఖలోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఆదేశించాలి, ఆ ఆదేశం హనుమకొండ చిరునామాకు వచ్చే అవకాశం ఎంత అన్నది కూడా చర్చకు రాలేదు.

పందుల సంగతికి వస్తే, వాటిని కాల్పించే అధికారం ప్రభుత్వం సర్పంచులకు కట్టబెట్టింది. షరతుల ప్రకారం లైసెన్సున్న షూటరు కావాలి. దొరవారికి లైసెన్సు ఉంది, రైఫిలు ఉంది, తీరిక అపారంగా ఉంది. లేనిదల్లా పందికి తగిన హోదా. రైతులు మాత్రం చేను చుట్టూ పాత చీరలు కట్టి, మంగలి షాపు నుంచి తెచ్చిన వెంట్రుకలు చల్లి, మైకులో కుక్క అరుపులు పెట్టి, వాటికి పంది అలవాటుపడే కొద్దీ కొత్త ఉపాయం వెతుక్కుంటున్నారు. ఇక కోతిని పెద్ద వేట జంతువుల జాబితాలో చేర్చమని సూచించిన ఒక చిన్నవాడిని, వయసు చూసి క్షమించారు.

ఈలోగా పంచాయతీ ఎన్నికల కోడ్ వచ్చి మౌజరు ఠాణాలో జమైంది. అసెంబ్లీకి, లోక్‌సభకు, పంచాయతీకి, పరిషత్తుకు, మున్సిపాలిటీకి విడివిడిగా ఎన్నికలు జరిగే మన రాష్ట్రంలో లైసెన్సు తుపాకి ఇంట్లో కంటే ఠాణాలోనే ఎక్కువ కాలం కాపురం చేస్తుంది. రైఫిలు లేని ఆదివారాల్లో చర్చ మరింత స్వేచ్ఛగా సాగి, 1911 నాటి .416 రిగ్బీ పక్షం తలెత్తింది. ఆ తూటా మామూలు మౌజరు ఒంట్లో ఇమిడేది కాదు, అసలు నమూనాను పెద్ద సైజు మౌజరు బోల్టు మీద కట్టారు. అందువల్ల గొట్టం, చెక్క, మ్యాగజీన్, ట్రిగ్గరుతో పాటు ఇప్పుడు రైఫిలు ఒళ్లు కూడా మారాలి. అప్పుడు ముత్తాతగారిది ఇందులో ఏం మిగులుతుందని మేనల్లుడు అడిగితే, లైసెన్సు పుస్తకం ఉంది కదా అన్నారు దొరవారు. తీసి చూస్తే అదీ కాదు. ముత్తాత లైసెన్సు ముత్తాతతోనే పోయింది, ఇది కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి దొరవారు తన పేర తెచ్చుకున్న కొత్తది.